వీపు మీద చెయ్యి

ఓజెల్ పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.
రెండేళ్లు వాడికి ముందు నిలబడ్డాను,
అరవై నాలుగో నంబరు, ఎడమ గార్డు.
వాడు కదిలే వేళకి నా మొహం
ఎవడిదో డొక్కలో ఉండేది,
లేదంటే మట్టిలో.
జనం లేచిన చప్పుడును బట్టి
ఎన్ని గజాలో లెక్క కట్టుకునేవాణ్ణి.

రెజీ మ్యాక్లిన్ కూడా నా వెనకే పరిగెత్తాడు.
అబద్ధమెందుకు, ఓజెల్ కంటే వేగం.
స్టాప్‌వాచ్‌లు పట్టుకుని కొలంబస్ నుంచి మనుషులొచ్చేది
రెజీ కోసమే.
బంతి అందిందో లేదో
విల్లు వదిలిన బాణం.
బాణానికి కళ్లుండవు.
నల్లబల్ల మీద కోచ్ గీత ఎటు గీస్తే అటే,
తలుపు తెరిచి ఉన్నా, మూసి ఉన్నా.
వాడి హెల్మెట్ నా నడుముకు ఎన్నిసార్లు గుద్దుకుందో
నది మీంచి చలిగాలి మొదలైతే
ఆ ఎముక ఇప్పటికీ లెక్క చెబుతుంది.

ఓజెల్ బంతి తీసుకుని
ఆగేవాడు.
ఆగడమంటే నిలబడిపోవడం కాదు.
వాన వెలిసిందో లేదో చూడ్డానికి
చూరు కిందనుంచి చెయ్యి చాపుతామే, అలా.
ఆ చాపిన అరచెయ్యి
నా వీపు మీద ఉండేది.
తోసేది కాదు.
"ఇంకాస్త" అనేది, అంతే.
నూట ముప్ఫై కిలోల కుర్రాణ్ణి
గుండె రెండుసార్లు కొట్టుకునేంతసేపు
ఎక్కువ మోసేవాణ్ణి ఆ ఒక్క మాటకి.
అవతల లైన్‌బ్యాకర్ ఆ నిదానాన్ని భరించలేడు.
ఏదో ఒక కాలి మీదికి ఒరుగుతాడు.
అప్పుడు నా వీపు మీద బరువు పోయేది.

ఆ బరువు పోవడం,
నాకు తెలిసిన ఓజెల్ పరుగు అదొక్కటే.

ఒకసారి బస్సులో తిరిగొస్తూ అడిగాను,
ఏం చూస్తావురా అక్కడ, అని.
పొద్దుతిరుగుడు గింజల పొట్టు కాగితం కప్పులోకి ఉమ్ముతూ
చాలాసేపు ఏమీ అనలేదు.
మేరియెటా వంతెన దాటాక అన్నాడు:
"ఖాళీ కోసం చూడను.
కనపడిందంటే అది అప్పటికే మూసుకుపోతోంది.
ఎవడి ఓపిక ముందు చచ్చిపోతుందో
వాడి నడుం చూస్తా."
తర్వాత నా సాండ్‌విచ్‌లో సగం అడిగాడు.

సోమవారాలు టేపులు వేసేవాడు కోచ్ బర్క్‌హాల్టర్.
ఎనభై గజాల పరుగుని ఒక్కసారి చూపించి
వదిలేశాడు.
పదకొండుసార్లు తిప్పింది ఇంకోటి:
మూడో డౌన్, ఒక్క గజం, వాన,
నేను జారిపోయాను.
నా మనిషి నేరుగా వెళ్లి ఓజెల్ మోకాళ్లు పట్టేశాడు.
వాడు పడ్డాడు.
ముందుకి పడ్డాడు.
ఏమీ లేనిచోట రెండు గజాలు.
ఆ రాత్రి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
"ఆ ఎనభై దేవుడిచ్చినవేమో,
ఈ రెండూ వీడు సంపాదించినవి" అన్నాడు కోచ్.
పదకొండుసార్లూ నేను చూసింది
జారుతున్న నా కాలినే.

రెజీకి కాలేజీ సీటొచ్చింది. మూడేళ్లు బెంచీ.
ఓజెల్‌ని అడగడానికి ఎవరూ రాలేదు,
స్టాప్‌వాచ్‌లో ఓపిక పడదు కదా.
ఇప్పుడు బొగ్గు బార్జీల మీద తాళ్లు కడుతున్నాడు.
తాళ్లు కట్టేచోట తొందరపడ్డవాళ్లకి
వేళ్లు తక్కువుంటాయని విన్నాను.
వాడికి పదీ ఉన్నాయి.

మొన్న మా కోరాకి కారు నేర్పుతున్నాను.
హైవేలోకి కలిసే వంపు, వరసగా ట్రక్కులు,
వెనకనుంచి ఎవడో ఆపకుండా హారన్.
వెళ్లమని అరవబోయి
ఎందుకో నోరు మూసుకుని
దాని భుజం మీద చెయ్యి వేశాను.

"నాన్నా, చెయ్యి తియ్యి,
అద్దం కనపడట్లేదు" అంది.

తీశాను.
ఇంకాస్త ఆగింది.
వెళ్లింది.